మైకన్న చేతి మైకు

నాకంటూ ఒక గొంతు లేదు. తల మీద ఇనుప జాలీ, దాని కింద పల్చటి పొర, పొరకు అతికిన రాగితీగ చుట్ట, చుట్ట చుట్టూ అయస్కాంతం. నా ఒళ్ళంతా ఇంతే. మనిషి మాట్లాడితే గాలి కదులుతుంది. గాలితో పొర, పొరతో చుట్ట. అయస్కాంతం నడుమ చుట్ట ఊగితే రవ్వంత కరెంటు పుడుతుంది. అది వైరు వెంట యాంప్లిఫయరుకు పోయి, అక్కడ బలం పుంజుకుని, వేపచెట్టుకు కట్టిన గొట్టాల్లోకి చేరి మళ్ళీ మాటవుతుంది. గొట్టం వెనకాల ఉండే యూనిట్టు నాకు తోడబుట్టినదే. నేను మాటను కరెంటు చేస్తే, అది కరెంటును మాట చేస్తుంది.

స్విచ్ ఆపేస్తే నాకు చెవుడొస్తుందని మనుషులు అనుకుంటారు. రాదు. పొర కదులుతూనే ఉంటుంది, చుట్ట ఊగుతూనే ఉంటుంది. బయటికి పంపే దారి ఒక్కటే మూసుకుంటుంది. అందుకే మైకన్న ఊరికి చెప్పినవీ విన్నాను, చెప్పకుండా దాచుకున్నవీ విన్నాను. ఆయన దగ్గు ఇంట్లోవాళ్ళ కంటే ముందు నాకే తెలుసు.

హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీలో నన్ను కొన్నారు. ఆహుజా యాంప్లిఫయరు, రెండు గొట్టాలు, ఒక స్టాండు, వాటితో పాటు నేను. రాయచూరు దాకా రైలు, అక్కడి నుంచి మంత్రాలయం రోడ్డున పోయే బస్సు. గిల్లేసూగూరులో దిగాం. జిల్లా కర్ణాటకది, తుంగభద్ర అవతలి గట్టు ఆంధ్రప్రదేశ్‌ది. 1956 నవంబరు 1 దాకా రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. అందుకని మా వైపు బడి కన్నడం, చాలా ఇళ్ళల్లో తెలుగు, సంతలో రెండూ, పాత భూమి కాగితాల మీద ఉర్దూ. నా ముందు నిలబడే మనిషికి ఇవన్నీ రావాలి. మైకన్నకు వచ్చు.

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు రేషన్ కార్డులో ఉంటుంది. పెద్దవాళ్ళకు మైకన్న, పిల్లలకు మైకు తాత. రాయచూరు గంజ్‌లో పత్తి అడితి అంగట్లో గుమాస్తాగా ఉండేవాడు. పత్తి కుప్పల మధ్య నిలబడి రైతు పేరు, ఊరు, పాటలో పలికిన ధర ఒక్క ఊపిరిలో అరవడం అక్కడే పట్టుబడింది. రెండో గురువు రేడియో. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి ఉషశ్రీ చెప్పే వ్యాఖ్యానం కోసం చిన్నప్పుడు పక్కూరి రేడియో దగ్గరికి నడిచి పోయేవాడట. ఉషశ్రీ 1990లో పోయారు. ఆయన గురించి మాట్లాడినప్పుడల్లా మైకన్న నన్ను స్టాండు మీంచి తీసి చేతిలో పట్టుకునేవాడు. చూడనివాడికి చూపించాలి, చూస్తున్నవాడికి అడ్డం రాకూడదు, ఉషశ్రీ దగ్గర నేర్చుకున్నది ఇదేనని చెప్పేవాడు.

మైకన్నకు పేరు తెచ్చింది బండలాగుడు. జ్యేష్ఠ పున్నమిని మేం ఏరువాక పున్నమి అంటాం, కన్నడంలో కారహుణ్ణిమె. ఆ పండక్కి రాయచూరులో మున్నూరు కాపు సమాజం వాళ్ళు ముంగారు హబ్బ చేస్తారు. మూడు రాష్ట్రాల నుంచి ఒంగోలు గిత్తలు వస్తాయి. ఒకటిన్నర టన్ను, రెండు టన్నులు, రెండున్నర టన్నుల బండలు లాగిస్తారు. ఆ పెద్ద పండగ కాక, చుట్టుపక్కల ఊళ్ళ జాతర్లలో చిన్న పోటీలు లెక్కలేనన్ని. పళ్ళను బట్టి విభాగాలు: పాలపళ్ళ జతలు, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి, ఆ పైన సీనియర్లు. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత ఎన్ని అడుగులు లాగిందో కొలుస్తారు. పట్టీ చివరిదాకా పోయి, బండ మలుపు తిప్పుకుని వెనక్కి రావాలి. ఆ మలుపులోనే గెలుపోటములు తేలతాయి.

జనం రెండు పక్కలా తాళ్ళ వెనక ఉంటారు. దుమ్ము లేస్తే వెనక వరసకు ఏమీ కనపడదు. అప్పుడు వాళ్ళ కళ్ళు మైకన్నే. ఎడమ గిత్త కాడిలో మెడ వంచిందనీ, కుడి గిత్త మోకాళ్ళు నేలకు తగిలి మళ్ళీ లేచిందనీ, ఐదో నిమిషం దాటిందనీ, ముందు జత కంటే ఎన్ని అడుగులు వెనక ఉందనీ తెలుగులో చెప్పి, ఊపిరి తీసుకోకుండా కన్నడంలో చెప్పేవాడు. జత జోరు మీద ఉంటే మాట తగ్గించేవాడు. జత అలసిపోతే మాట పెంచేవాడు. కొత్తగా మైకు పట్టినవాళ్ళు దీనికి తలకిందులుగా చేస్తారు. జనం ఎలాగూ అరుస్తున్నప్పుడు వాళ్ళూ అరుస్తారు, జనం నీరసపడ్డప్పుడు వాళ్ళూ నీరసపడతారు.

నన్ను నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పట్టేవాడు. నాలాంటి మైకును నోటికి ఆనిస్తే బరువైన స్వరాలు ఉబ్బిపోయి, హల్లులు మాసిపోతాయి. మరీ దూరం పెడితే గొట్టంలోంచి వచ్చిన శబ్దమే మళ్ళీ నాలో దూరి, తిరిగి తిరిగి పెరిగి, చెవులు చిల్లులు పడేలా కూతపెడుతుంది. ఆయన చేతిలో నేను కూతపెట్టడం అరుదు. గొట్టాలను ఎప్పుడూ తన ముందుకు తిప్పి కట్టించేవాడు, తన వెనక ఏ గొట్టమూ ఉండనిచ్చేవాడు కాదు.

ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవి. ఆయన్ని మైకన్నను చేసింది మాత్రం పేర్లు. పోటీ మొదలుకాకముందు నన్ను స్టాండు మీద వదిలేసి, ఒక నోటు పుస్తకం పట్టుకుని ఎడ్లు కట్టేసిన చోటికి పోయేవాడు. ప్రతి యజమాని దగ్గరా నిలబడి, "అప్పా, నీ పేరు నువ్వే చెప్పు, నీ నోటితో చెప్పు" అనేవాడు. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, మండలం లేదా తాలూకా, గిత్తల పేర్లు, ఏ చేతి వైపు ఏది. నిర్వాహకులు ఇచ్చే జాబితా మీద ఆయనకు నమ్మకం లేదు. కన్నడంలో రాసిన తెలుగు పేరు, తెలుగులో రాసిన కన్నడ పేరు, రెండింట్లోనూ రాసిన ఉర్దూ పేరు, దారిలో ఎక్కడో ఒక దీర్ఘం పోగొట్టుకుంటాయి. ఏడాదంతా ఉలవలూ పత్తిగింజలూ పెట్టి గిత్తల్ని సాకిన రైతు, వేల మంది ముందు తన పేరు వంకరగా వింటే ఎలా ఉంటుంది? మైకన్న నోట అలా ఎవరూ వినలేదు. పెద్ద భూస్వామి జతకైనా, అప్పు చేసి గిత్తల్ని కొన్న కౌలు రైతు జతకైనా ఒకటే నిడివి, ఒకటే నిదానం.

ఆ పేర్లతోనే శిక్ష కూడా వేసేవాడు. 2014 మే 7న జల్లికట్టునూ ఎడ్లబళ్ళ పందేలనూ నిషేధిస్తూ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2017లో వాటిని అనుమతించేలా కర్ణాటక చట్టం మార్చుకుంది. 2023 మే 18న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ మార్పును నిలబెట్టింది. ఈ వాదనలు మొదలుకాక ముందు నుంచీ మైకన్నకు తన చట్టం తనకుంది. కర్ర కొసన సీల కనపడితే తోలేవాణ్ణి పేరు పెట్టి పిలిచి, కర్ర కింద పడేసేదాకా ఆ పేరే చెప్తూ ఉండేవాడు. ఆ పేరు నాలోంచి మళ్ళీ మళ్ళీ పోతుంటే కర్ర పట్టిన చెయ్యి దిగిపోయేది. గిత్తను హింసించి లాగించే అడుగులు అడుగులే కావని ఆయన నమ్మకం, నాదీ అదే.

2009 అక్టోబరు తొలి రోజుల సంగతి చెప్పకపోతే నా కథ కథే కాదు. పైన వానలు ఆగలేదు, తుంగభద్ర గట్టు తెంచుకుంది. అవతల మంత్రాలయం మునిగింది, దిగువన కర్నూలు మునిగింది. మా ఇవతలి గట్టున ఏటి ఒడ్డు ఊళ్ళన్నీ చీకట్లో ఉన్నాయి. కరెంటు లేదు. యాంప్లిఫయరును ట్రాక్టరు బ్యాటరీకి తగిలించి, గొట్టాన్ని ఇంజను మీద కట్టి, మైకన్న నన్ను కండువాలో చుట్టుకుని ట్రాలీ ఎక్కాడు. వాన నా జాలీలోకి దిగకుండా అరచెయ్యి అడ్డం పెట్టాడు.

మొదటి ఊరికి పోయి, నీళ్ళొస్తున్నాయి, ఇళ్ళు ఖాళీ చేసి మెరకకు పొండి అని చెప్పాడు. రెండు భాషల్లోనూ చెప్పాడు. తలుపులు తెరుచుకున్నాయి, జనం గడపల్లో నిలబడి విన్నారు. ఎవరూ కదల్లేదు. అందరికీ చెప్పినమాట పక్కవాడికి చెప్పినట్టే ఉంటుంది. పైగా ఏరు ఎప్పుడూ గట్టు దాకా వచ్చి వెనక్కి పోయేదే కదా అన్న ధీమా.

అప్పుడు ఆయన ఒక్కక్షణం ఆగాడు. నన్ను ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాడు. బండలాగుడులో పిలిచినట్టే, ఇంటిపేరుతో, తండ్రి పేరుతో, ఒక రైతును పిలిచాడు. నీ గిత్తల పలుపులు విప్పు, అమ్మను ఎత్తుకో, బయటికి రా అన్నాడు. తర్వాత పక్కింటి పేరు. తర్వాత దాని పక్కది. ఏ ఇంట్లో ముసలామె ఉందో, ఏ ఇంట్లో బాలింత ఉందో, ఎవరి కొట్టంలో ఏ ఎద్దులున్నాయో ఆయనకు తెలుసు, ఎందుకంటే ఎన్నో ఏళ్ళుగా ఆ నోటు పుస్తకంలో రాసుకుంటూ వస్తున్నాడు. పిలిచిన ఇల్లు పిలిచినట్టు కదిలింది. తన పేరు విన్న మనిషి గడపలో నిలబడలేడు. వీధి చివరి ఇంటికి వచ్చేసరికి ఆయన గొంతు చీరుకుపోయింది. నా పొర మీద ఆ రాత్రి పడ్డ మాటల బరువు మళ్ళీ ఎన్నడూ పడలేదు.

ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి బాగానే నడిచింది. శ్రావణంలో రాఘవేంద్రస్వామి ఆరాధనకు కాలినడకన పోయేవాళ్ళ కోసం రోడ్డు పక్క పందిరి వేస్తే, మంచినీళ్ళ సంగతి, తప్పిపోయిన పిల్లల సంగతి, బిచ్చాలి అప్పణాచార్యుల కట్టకు దారి, అన్నీ ఆయనే చెప్పేవాడు. తప్పిపోయిన పిల్ల ఏడుస్తుంటే నన్ను ఆ పిల్ల చేతికే ఇచ్చి అమ్మను పిలవమనేవాడు. తల్లులు పరిగెత్తుకొచ్చేవాళ్ళు.

బొంగురు మెల్లగా మొదలైంది. స్విచ్ ఆపాక దగ్గేవాడు. నా జాలీకి బీడీ వాసన ఎప్పుడూ ఉండేదే, ఇప్పుడు దానికి కరక్కాయ వాసన, మిరియాల వాసన తోడయ్యాయి. దుమ్ము పడలేదనుకున్నాడు. రాత్రి జాగారం అనుకున్నాడు. కలకండ చప్పరించాడు. దీర్ఘాలు తెగిపోసాగాయి, "ఈ" కారం దగ్గర గాలి మాత్రమే వచ్చేది. వెయ్యి మంది వింటున్న చోట ఎవరూ గమనించలేదు, ఎందుకంటే యాంప్లిఫయరు అన్నిటినీ పెద్దది చేసి చూపిస్తుంది, మంచినీ చెడునూ కలిపేస్తుంది. గొంతు బొంగురుపోయి రెండు మూడు వారాలైనా తగ్గకపోతే గొంతు డాక్టరుకు చూపించుకోవాలి. ముఖ్యంగా పొగాకు అలవాటున్నవాళ్ళు ఒక్కరోజు కూడా వాయిదా వెయ్యకూడదు. ఈ ఒక్కమాట నాకై నేను చెప్పగలిగి ఉంటే, గొట్టాలు పగిలేలా చెప్పి ఉందును.

రాయచూరులో సన్నటి గొట్టంతో గొంతులోకి చూశారు. స్వరతంత్రి మీద పెరిగిందాన్ని రవ్వంత తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరు. బెంగళూరులో స్వరపేటిక మొత్తం తీసేశారు. ఆ ఆపరేషన్ తర్వాత మనిషి ముక్కుతో ఊపిరి తీసుకోడు. మెడ కింద పెట్టిన రంధ్రంతో తీసుకుంటాడు. ఊపిరితిత్తుల గాలి నోటికి రాదు కాబట్టి మాట పుట్టదు. అక్షరాలు కట్టే పెదాలూ, నాలుకా, పళ్ళూ అన్నీ ఉన్నచోటే ఉంటాయి. వాటికి ఇవ్వడానికి ధ్వని ఉండదు.

ఇంటికి వచ్చాక నన్ను పెట్టెలోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. జాలీ విప్పి, పాత బ్రష్షుతో దుమ్ము దులిపి, గుడ్డతో తుడిచాడు. అది ఆయన ప్రతి జాతర తర్వాతా చేసే పనే.

ఆ ఏడు జాతరకు పట్నం నుంచి పెద్ద సెట్టు వచ్చింది. నన్ను తీసుకుపోలేదు. మైకన్న ఇంటి అరుగు మీద నేను, ఆయన, ఆయన మనవరాలు కూర్చుని దూరం నుంచి వచ్చే శబ్దం విన్నాం. ఎవరో కుర్రాడు సినిమా డైలాగులు చెప్తూ హుషారుగానే నడుపుతున్నాడు. ఆ పిల్లవాడిలో తప్పేమీ లేదు, జాబితాలో ఉన్నదే చదివాడు. ఒక జతను పిలిచాడు. పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. ఎవరూ రాలేదు. జత రద్దంటున్నాడు. మైకన్న లేచి నిలబడ్డాడు. ఆ రైతు అక్కడే ఉండి ఉంటాడని, పిలుస్తున్నది తననేనని అతనికి తెలిసి ఉండదని ఆయనకు అర్థమైంది. నోరు తెరిచాడు. పెదాలు ఆ పేరును సరిగ్గా కట్టాయి. మనవరాలు ఆ పెదాలు చూసి, పేరు పట్టుకుని, జాతర వైపు పరుగెత్తింది.

ఆ పిల్ల రాయచూరులో డిగ్రీ చదువుతోంది. తాత మంచం పక్కన కూర్చుని ఫోనులో చూసి ఏవేవో చదివి వినిపిస్తుంది. అలా నాకూ ఒక అమెరికా మనిషి తెలిశాడు. బాబ్ షెపర్డ్. న్యూయార్క్ యాంకీస్ అనే బేస్‌బాల్ జట్టు స్టేడియంలో 1951 ఏప్రిల్ 17న మైకు పట్టి, 2007 సెప్టెంబరు దాకా ఆటగాళ్ళ పేర్లు పిలిచాడట. పగలు పిల్లలకు చక్కగా మాట్లాడటం నేర్పే పంతులు. కొత్త ఆటగాడెవరైనా వస్తే, నీ పేరు ఎలా పలకాలి అని అతన్నే అడిగేవాడట. ఇది విని మైకన్న మంచం మీద లేచి కూర్చుని, ఆ వాక్యం మళ్ళీ చదవమని చేత్తో సైగ చేశాడు. షెపర్డ్‌కు ఊపిరి గొట్టాల్లో జబ్బు చేసి మైకుకు దూరమయ్యాడు. మళ్ళీ రాలేకపోయాడు. 2010 జులై 11న, తొంభై తొమ్మిదేళ్ళ వయసులో పోయాడు. డెరెక్ జీటర్ అనే ఆటగాడు మాత్రం షెపర్డ్ గొంతులో తన పేరు ముందే రికార్డు చేయించుకుని, 2014లో ఆట మానేసేదాకా సొంత మైదానంలో ఆ గొంతుతోనే పిలిపించుకున్నాడట. షెపర్డ్ ఏళ్ళ తరబడి వాడిన మైకు కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ మ్యూజియంలో ఉందట. నాకు ఆ అదృష్టం వద్దు. అద్దం వెనక పొర కదలదు.

జీటర్ సంగతి ఊళ్ళో పాకింది. పోటీల నిర్వాహకులు వచ్చి, మైకన్న పాత గొంతు ఎవరెవరి ఫోన్లలోనో ఉంది, అన్నీ ఏరి ప్రారంభానికి వేస్తాం అన్నారు. ప్రేమగానే అన్నారు. మైకన్న వద్దని తల ఊపాడు. పలక అందుకుని కారణం రాశాడు: అందులో ఉన్న గిత్తలు చచ్చిపోయాయి, ఇప్పుడు దిగే గిత్తల పేర్లు అందులో లేవు. జీటర్‌ది ఒక్క పేరు, అది మారదు. మా దగ్గర ప్రతి ఏరువాకకూ కొత్త కోడెలు, కొత్త రైతులు, కొడుకుల చేతికొచ్చిన పగ్గాలు. నిన్నటి గొంతు ఎంత తియ్యగా ఉన్నా రేపటి పేరు పలకలేదు. నాకు ఆయన ఆలోచనే సరైందనిపించింది.

తర్వాత ఆ నోటు పుస్తకం మనవరాలి చేతికి వచ్చింది. కన్నడం బడిలో చదివిన పిల్ల, తెలుగు గడగడా మాట్లాడుతుంది కానీ చదవలేదు. మైకన్న తెలుగు పేర్లన్నీ కన్నడ అక్షరాల్లో మళ్ళీ రాశాడు. ఎక్కడ దీర్ఘమో అక్కడ ఎర్ర గీత, ఎక్కడ ఆగాలో అక్కడ చుక్క. పిల్ల ఎడ్ల దగ్గరికి పోయి, "అన్నా, నీ పేరు నీ నోటితో చెప్పు, నేనెట్ల పలకల్లో చెప్పు" అని అడగడం మొదలుపెట్టింది. మొదట్లో మీసాలు మెలేసినవాళ్ళు నవ్వారు. ఆడపిల్ల బండలాగుడు చెప్పేదేంది అన్నారు. ఆరాధన పందిట్లో ఆమె గొంతు విన్నాక, చిన్న జాతరలో పాలపళ్ళ జతల్ని పిలిచాక, నవ్వు తగ్గింది. మలుపు దగ్గర మాట తగ్గించాలని తాత నన్ను వేలితో రెండుసార్లు తట్టి చెప్పేవాడు. టక్ టక్. ఆ చప్పుడు గొట్టాల్లోంచి మైదానమంతా వినపడేది. జనానికి కూడా ఆ గుర్తు అలవాటైంది.

గొంతు తిరిగి వచ్చే దారి ఒకటుందని బెంగళూరు డాక్టర్లు చెప్పారు. గాలి గొట్టానికీ అన్నవాహికకూ మధ్య చిన్న కవాటం పెడతారు. మెడ రంధ్రాన్ని వేలితో మూస్తే ఊపిరి ఆ కవాటం గుండా అన్నవాహికలోకి పోతుంది, అక్కడి కండ అదిరి ధ్వని పుడుతుంది. విదేశీ కవాటాలు వేలల్లో ఉంటే, బెంగళూరుకే చెందిన క్యాన్సర్ డాక్టరు విశాల్ రావు బృందం యాభై రూపాయల ఖర్చులో ఓం అనే కవాటం తయారుచేసింది. గొంతు పోగొట్టుకున్న పేదవాడు డబ్బు లేక మూగగా మిగలకూడదన్నది ఆ డాక్టరు పట్టుదల. అలాంటి పట్టుదల ఉన్నవాళ్ళ పేరు ఏ ఊరి మైకులోనైనా గట్టిగా చెప్పాలి.

మైకన్నకు కవాటం పెట్టారు. కొత్త గొంతు పాతది కాదు. లోతుగా, గరుకుగా, అడుగడుగునా ఆగుతూ వస్తుంది. గదిలో పక్కనున్నవాడికి కూడా సగమే వినపడుతుంది. ఇలాంటి గొంతుకే నా అవసరం ఎక్కువ. ఇప్పుడు నాలుగు వేళ్ళ దూరం లేదు, మనవరాలు నన్ను ఆయన పెదాలకు దాదాపు ఆనించి పట్టుకుంటుంది. యాంప్లిఫయరు మీద లావు స్వరాల మీట తగ్గిస్తుంది, సన్న స్వరాల మీట పెంచుతుంది. అప్పుడు హల్లులు బయటపడతాయి.

పోటీ అంతా పిల్లదే. మొదటిసారి పట్టీలోకి దిగే రైతు జత ఒక్కటి మాత్రం మైకన్న తన దగ్గర అట్టిపెట్టుకున్నాడు. కిందటి ఏరువాకకు తుంగభద్ర గట్టు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. 2009లో వాళ్ళ నాన్నను మైకన్న పేరు పెట్టి పిలిచిన రాత్రి వాడు చంకబిడ్డ. ఆయన బొటనవేలు మెడకు ఆనించాడు. ఇంటిపేరు వచ్చింది, ఊపిరి కోసం ఆగింది, తండ్రి పేరు వచ్చింది, మళ్ళీ ఆగింది, కుర్రాడి పేరు దీర్ఘంతో సహా పూర్తిగా వచ్చింది. కుర్రాడు పగ్గాలు పట్టుకుని గీత దగ్గరికి వచ్చాడు. పిల్ల నన్ను అందుకుని అదే పేరు రెండు భాషల్లో మళ్ళీ చెప్పి, ఎడమ గిత్త, కుడి గిత్త పేర్లు చెప్పి, గడియారం పట్టినవాళ్ళను సిద్ధంగా ఉండమని, తర్వాతి జతను కాడి కట్టుకోమని పిలిచింది.